ఎండిన చోట చెమ్మ

వెలిగొండల కనుమ దిగుతుండగా డ్యాష్‌బోర్డు మీద ఎర్రదీపం వెలిగింది. గుండ్రటి గీత మధ్యలో ఆశ్చర్యార్థకం గుర్తు. కనుమ అయిపోయి రోడ్డు చదునయ్యేసరికి దానంతటదే ఆరిపోయింది. బద్వేలు నుంచి నెల్లూరుకు అమ్మను ఆస్పత్రికి తీసుకుపోతున్న రోజది. వెనక సీట్లోంచి ముందుకు వంగి అమ్మ అడిగింది: "ఏందిరా ఆ ఎర్రది?"

"హ్యాండ్‌బ్రేకు దీపంలేమా" అన్నాను.

హ్యాండ్‌బ్రేకు లివరు పూర్తిగా దించే ఉంది. అది నాకు కనిపిస్తూనే ఉంది. తెలిసి తెలిసి అమ్మకు అబద్ధం చెప్పి, ఆ కారునే నెల్లూరు దాకా నడిపి, సాయంత్రం అదే కనుమ ఎక్కి దిగి ఇంటికొచ్చాను. ఆ రోజు ఏమీ కాలేదు. కాకపోవడం నా గొప్ప కాదు. ఆ తర్వాత నెల రోజుల్లో నేను నేర్చుకున్నదంతా ముందే తెలిసుంటే, కనుమ దిగిన మరుక్షణం బండి పక్కకు ఆపి బానెట్ ఎత్తేవాణ్ని. మా బద్వేలులోనూ కరెంటు కార్లు తిరుగుతున్నాయి. వాటిని నడిపే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి చెప్పాలనిపించింది.

ఆ దీపానికి రెండు పనులున్నాయి. హ్యాండ్‌బ్రేకు లాగి ఉంటే వెలుగుతుంది. బ్రేక్ ఆయిల్ తగ్గినా అదే వెలుగుతుంది. బానెట్ కింద డ్రైవరు వైపు తెల్లటి ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంటుంది. దానిలో ఆయిల్ మీద తేలే బెండు ఒకటుంటుంది. ఆయిల్ దిగితే బెండు దిగుతుంది, దీపం వెలుగుతుంది. బండి ముక్కు కిందికి వంగినప్పుడు డబ్బాలో ఆయిల్ ముందుకు ఒరుగుతుంది. మట్టం అప్పటికే అంచున ఉంటే బెండు ఆ వాలులో మాత్రం దిగుతుంది, చదునులో మళ్లీ లేస్తుంది. ఘాట్లో వెలిగి మైదానంలో ఆరే దీపానికి అర్థం అదే. దీపం చెడిపోలేదు, వైరు వదులు కాలేదు. ఆయిల్ తగ్గుతోందని మొదటిసారి చెప్పిన మాట అది. ఆరిపోయిందని ఊపిరి పీల్చుకోవడం అందరం చేసే తప్పు.

ఆస్పత్రి ఆవరణలో బానెట్ ఎత్తి చూస్తే డబ్బా మీది 'మిన్' గీతను ఆనుకుని ఉంది ఆయిల్. పక్క వీధిలో ఒక సీసా కొని 'మ్యాక్స్' దాకా పోశాను. దీపం మళ్లీ రాలేదు. రెండు వారాల తర్వాత ఆదివారం తీరిగ్గా చూస్తే మట్టం గోరు మందం దిగి ఉంది.

పెట్రోలు కారయితే ఇంతగా కంగారుపడక్కర్లేదని చాలామంది చెప్తారు. అందులో కొంత నిజముంది. బ్రేకు ప్యాడ్లు అరిగేకొద్దీ పిస్టన్లు ముందుకు జరుగుతాయి, వాటి వెనక ఖాళీని ఆయిల్ నింపుతుంది, డబ్బాలో మట్టం మెల్లగా దిగుతుంది. మెకానిక్ చూసి "లైనర్లు అరిగినాయి సార్, అందుకే దిగింది" అంటాడు. ఏళ్ల తరబడి ఆ మాట సరిపోయింది. కరెంటు కారుకు ఆ మాట సరిపోదు. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే మోటారే జనరేటరై చక్రాలను పట్టి ఆపుతుంది, ఆ శక్తిని బ్యాటరీకి పంపుతుంది. పెడల్ తొక్కే పని సగానికి సగం తగ్గిపోతుంది. ప్యాడ్లు అరిగేది బహు తక్కువ. ప్యాడ్లే అంతగా అరగనప్పుడు మట్టం ఇంత త్వరగా దిగడానికి న్యాయమైన కారణం లేదు. కరెంటు కారులో బ్రేక్ ఆయిల్ ఇలా తగ్గిందంటే ఎక్కడో కారుతోందని ముందు అనుమానించాల్సిందే. ఈ ఒక్క సంగతి మా ఊళ్లో ఎవరూ నాకు చెప్పలేదు. కారు అమ్మినవాళ్లు కూడా చెప్పలేదు.

మోటారు చేసే ఈ మేలులోనే ఒక చిక్కుంది. పెడల్ రోజుకు వందసార్లు తొక్కే మనిషికి అది రవ్వంత మెత్తబడినా కాలికి తెలుస్తుంది. నేను నాలుగేళ్లుగా ఊళ్లో దాదాపు ఒక్క పెడల్‌తోనే బండి నడుపుతున్నాను. నా కాలు బ్రేకును మరిచిపోయింది. అందులోనూ మా కారు మోటారు ముందు చక్రాలనే తిప్పుతుంది, ముందు చక్రాలనే ఆపుతుంది. వెనక చక్రాలకు ఆ సాయం లేదు. ఆయిల్ నెట్టితేనే వాటి బ్రేకులు పడతాయి. నేను పెడల్ తొక్కను కాబట్టి అవి నెలల తరబడి ఊరికే పడి ఉన్నాయి. మరి మోటారు సాయం అన్ని వేళలా ఉంటుందా అంటే అదీ లేదు. రాత్రంతా ఇంట్లో చార్జింగ్ పెట్టి నూటికి నూరు నింపుకుని పొద్దున్నే బయల్దేరితే, బ్యాటరీలో కొత్త కరెంటుకు చోటుండదు, మోటారు పట్టు సన్నగిల్లుతుంది. జారుడు రోడ్డు మీద ఏబీఎస్ పనిలోకి దిగినప్పుడూ అంతే. అప్పుడు మిగిలేది డబ్బాలోని ఆ పిడికెడు ఆయిలే.

చుక్క ఎక్కడ?

ఆ ఆదివారం రాత్రి కారు కింద పాత అట్టపెట్టెలు పరిచాను. కారు ఎంత ఉందో అంత మేర, నాలుగు చక్రాల కిందా, అంచు అంచుకు ఆనించి. తెల్లారి చూస్తే ముందు భాగం కింద ఒకచోట తడి. గుండె జల్లుమంది. వేలితో తాకితే నీళ్లలా ఉంది. ఏసీ నీళ్లే అయి ఉండొచ్చు, కానీ అనుమానంతో వదలబుద్ధి కాలేదు.

దీనికి ఇంట్లోనే చేసుకోదగ్గ పరీక్ష ఒకటుంది. గిన్నెలో నీళ్లు పోసి, అనుమానమున్న చుక్కను అందులో వదలండి. గేరు ఆయిలైతే నీళ్ల మీద రంగులు రంగులుగా పరుచుకుని తేలుతుంది. కరెంటు కారుకు ఇంజిన్ ఆయిల్ లేకపోయినా మోటారు పక్కన గేరు పెట్టెలో ఆయిల్ ఉంటుంది, అది మరవొద్దు. బ్రేక్ ఆయిల్ తేలదు. నీళ్లలో కలిసిపోతుంది. బ్యాటరీని చల్లబరిచే కూలెంటూ కలిసిపోతుంది గానీ, దానికి పచ్చదో నీలమో గులాబీదో రంగు కలిపి ఉంటారు. బ్రేక్ ఆయిల్ కొత్తదైతే పలచటి తేనె రంగు, పాతదైతే టీ డికాషన్ రంగు. వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, జిడ్డులా పట్టుకోదు. రుచి మాత్రం చూడొద్దు, ఇవన్నీ విషాలే. తాకిన చేతిని వెంటనే కడుక్కోవాలి. కారు పెయింటు మీద పడితే పొక్కులు లేపి ఊడదీస్తుంది. పడిన వెంటనే నీళ్లు కుమ్మరించడమే మందు.

మా అట్ట మీది తడి ఉత్త నీళ్లే. బ్రేక్ ఆయిల్ ఒక్క చుక్క కూడా నేల మీద లేదు. అయినా వారం తర్వాత మట్టం ఇంకొంచెం దిగింది. ఆ వారమంతా సరిగా నిద్రపట్టలేదు. కింద పడకుండా ఎటు పోతోంది?

కంపెనీ సర్వీసుకు పోవాలంటే ఊరు దాటాలి. ఆ బ్రేకులతో ఊరు దాటడానికి మనసొప్పలేదు. మైదుకూరు రోడ్డులో నాకు తెలిసిన పాత షెడ్డు ఒకటుంది. జీపులు, అంబాసిడర్లు, చిన్న లారీలు చూసి చూసి నెరిసిన పెద్దాయన షెడ్డది. నత్తనడకన అక్కడికి తీసుకుపోయాను. చూడగానే ఆయన చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"కరెంటు బండి మనం ముట్టుకోం సామీ. షాకు కొడ్తాదంట."

"మోటారు జోలికి పోయే పన్లేదునా. బ్రేక్ ఆయిల్ దిగుతాంది. చుక్క మాత్రం కింద పడ్డంలేదు."

ఆయన ముఖం మారింది. "బ్రేక్ ఆయిలా? అట్లయితే రానీ."

కారు చుట్టూ తిరిగాడు. నాలుగు చక్రాల లోపలి వైపు గుడ్డతో తుడిచాడు. మాస్టర్ సిలిండరు వెనక, పెడల్ పైభాగాన, కాళ్లు పెట్టే చోట కార్పెట్ కింద చెయ్యి పెట్టి చూశాడు. అక్కడ కారితే ఆయిల్ కార్పెట్ తాగేస్తుంది, బయటికి తెలీదు. అక్కడ పొడిగానే ఉంది. హోసులను వంచి, చక్రం దగ్గర బోల్టులకు వేసే రాగి వాషర్లను తడిమి, ఇనుప పైపుల వెంట వేలు పోనిచ్చాడు. పెడల్‌ను గట్టిగా తొక్కిపట్టమని నన్ను కూర్చోబెట్టాడు. నిమిషం సేపు తొక్కిపట్టినా కాలు కిందికి జారలేదు. అంటే లీకు పెద్దది కాదు, మాస్టర్ సిలిండరు లోపలి రబ్బర్లు ఆయిల్‌ను దొంగచాటుగా వెనక్కి వదలడమూ లేదు. కుడివైపు వెనక చక్రం దగ్గర గుడ్డ ఆగింది. టైరు లోపలి చెంప మీద అరచేయంత మేర దుమ్ము మిగతా చోట్ల కంటే నల్లగా, పట్టు పట్టినట్టుంది.

"ఈడ జూడు. దుమ్ము తడిసింది. ఎండల్ల, ఎండలేదు. చెమ్మ యాన్నుంచి వచ్చాందో చూడల్ల."

ఆ మాటకు నాకు మా తాతగారి ఊరి నీరుగంటి గుర్తొచ్చాడు. చెరువు నీళ్లు పొలాలకు పంచే మనిషి. వానలు పడి చెరువు నిండిన రోజుల్లో అందరూ కట్ట మీద నిలబడి నీళ్ల వైపు చూస్తుంటే ఆయన ఒక్కడు కట్ట వెనక, దిగువన, ఎండిన వైపు నడిచేవాడు. అక్కడ తేమ కనిపిస్తే కూర్చుని చూసేవాడు. ఊరే నీళ్లు తేటగా ఉంటే గమనిస్తూ ఉండేవాడు. బురదగా ఉంటే ఊళ్లోకి పరుగు. బురద వస్తోందంటే కట్ట లోపల మట్టి కోసుకుపోతోందని అర్థం.

మాకు ఉత్తరాన ఉన్న పోరుమామిళ్ల చెరువు శాసనం కూడా ఈ ఊటను వదిలిపెట్టలేదు. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఉదయగిరి సీమను ఏలుతూ 1369లో వేయించిన సంస్కృత శాసనమది. రోజూ 1000 మంది కూలీలు, 100 బండ్లు రెండేళ్లు పనిచేస్తే ఆ చెరువు పూర్తయిందని అందులో ఉంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు కూడా ఉన్నాయి. కట్ట నుంచి నీరు ఊరడం ఆ దోషాల్లో ఒకటి. చెరువు కట్టించిన ఘనతతో పాటే చెరువు చెడే దారులనూ రాతి మీద చెక్కించిన మనిషి మీద నాకు చాలా గౌరవం. ఆ చెరువు ఇప్పటికీ పొలాలకు నీళ్లిస్తోంది.

డ్రమ్ము తీశాక

మా కారుకు వెనక చక్రాలకు డిస్కులు కావు, డ్రమ్ములు. డ్రమ్ము అంటే పాతకాలపు సరుకని చిన్నచూపు ఉంది. కానీ ఫోక్స్‌వ్యాగన్ తన ఐడీ.4 కరెంటు కారుకు వెనక చక్రాలకు కోరి డ్రమ్ములే పెట్టింది. ఊరికే పడి ఉండే బ్రేకులు బయటి గాలికి, వానకు తుప్పు పట్టకుండా మూత లోపల భద్రంగా ఉంటాయన్నది దాని లెక్క. లెక్క సరైనదే. అయితే మూత తుప్పుతో పాటు లీకును కూడా దాస్తుంది.

పెద్దాయన జాకీ పట్టుకుని కారు కిందికి వంగినప్పుడు మాత్రం ఆపాను. కరెంటు కారు కడుపు కింద పరుచుకుని ఉండేదంతా బ్యాటరీయే. ఎక్కడ పడితే అక్కడ జాకీ పెడితే బ్యాటరీ పెట్టె సొట్టపోతుంది. సొట్ట లోపలి సెల్‌కు తగిలితే బ్రేకు కోసం వచ్చి నిప్పు కొనితెచ్చుకున్నట్టు. అంచున గుర్తులు పెట్టిన నాలుగు చోట్ల తప్ప జాకీ తాకకూడదు. నారింజ రంగు తీగలు ఎక్కడ కనపడినా చేయి పెట్టకూడదు. అవే పెద్ద కరెంటువి. ఈ రెండు మాటలు చెప్పాక పెద్దాయనకు భయం సగం పోయింది. బ్రేకు పనికి ఆ తీగలను తాకే అవసరమే రాదు.

చక్రం విప్పి, హ్యాండ్‌బ్రేకు వదిలి, డ్రమ్ముకున్న రెండు మర కంతల్లో బోల్టులు బిగిస్తూ పోతే డ్రమ్ము కిర్రుమంటూ బయటికొచ్చింది. లోపల పొడి దుమ్ము ఉండాల్సిన చోట తారు లాంటి ముద్ద. షూ లైనరు కింది సగం తడిసి నల్లబడింది. గాలి కొట్టి ఊదకుండా నీళ్లు చల్లి తుడిచాడు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. పై భాగాన బొటనవేలంత వీల్ సిలిండరు. దాని రెండు కొసలకూ రబ్బరు బూట్లు. స్క్రూడ్రైవరు మొనతో ఒక బూటు అంచును రవ్వంత ఎత్తాడు. డికాషన్ రంగు చుక్క ఒకటి అంచున వేలాడి, వణికి, కింద పడింది. ఇంకొకటి ఊరింది.

ఇన్నాళ్లూ నేను నేల మీద వెతికిన చుక్క అది. కారినదాన్ని కారినట్టే లైనరు, దుమ్ము తాగేశాయి. ఏ కొంచెమో అంచు దాటి టైరు చెంపకు చేరింది.

సిలిండరు విప్పి, లోపలి స్ప్రింగు, రబ్బరు కప్పులు, పిస్టన్లు బల్ల మీద పెట్టాడు. సిలిండరు లోపలి గోడ మీద నా చూపుడువేలి గోరు పెట్టి లాగమన్నాడు. అద్దంలా జారాల్సిన చోట గోరు రెండుసార్లు తట్టుకుంది. టార్చి వేస్తే ఆవగింజంత గుంటలు కనిపించాయి. తుప్పు గుంటలు. రబ్బరు కప్పు అంచు ఎంత మెత్తగా ఆనినా గుంట మీదుగా ఆయిల్ జారిపోతుంది.

పూర్తిగా ఆయిల్‌లో మునిగి ఉండే చోటికి తుప్పు ఎలా వచ్చింది? దీనికి జవాబు ఆ ద్రవం గుణంలోనే ఉంది. మనం దాన్ని ఆయిల్ అంటాం గానీ అది ఆయిల్ కాదు, గ్లైకాల్ జాతికి చెందిన రసాయనం. గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డబ్బా మూత దగ్గర, రబ్బరు హోసుల గోడల గుండా కూడా ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా తేమ చేరుతుంది. మా కార్లకు వాడే డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని నియమం. అందులో 3.7 శాతం నీళ్లు చేరాక ఆ హద్దు 155కు పడిపోతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది. ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది. పెడల్ తొక్కితే ఆవిరే నలిగి ఊరుకుంటుంది, బ్రేకు పడదు. గువ్వలచెరువు ఘాట్లో పాత జీపులు దిగుతున్నప్పుడు పెడల్ ఒక్కసారిగా దూదిలా మెత్తబడి, పక్కన ఆపి అరగంట చల్లారబెడితే మళ్లీ గట్టిపడటం పెద్దాయన ఎన్నోసార్లు చూశాడట. కరెంటు కారులో బ్రేకులు అంత కాగవు కాబట్టి మరిగే ముప్పు తక్కువ. కానీ చేరిన నీరు ఊరుకోదు, ఇనుమును తింటుంది. కదలిక లేని పిస్టన్ దగ్గర అదే చోట నిలిచి తింటుంది.

అందుకే చాలా కంపెనీలు రెండేళ్లకోసారి ఈ ద్రవం మార్చమని పుస్తకంలో రాస్తాయి. మా కారు సర్వీసు పుస్తకం తీసి చూశాను. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా మార్చినట్టు లేదు. సర్వీసు చేసినవాళ్లు మార్చలేదు, నేను అడగలేదు. "కరెంటు బండికి ఆయిల్ మార్చే పనే లేదు" అన్న మాట ఎంత చక్కగా నమ్మేశాను! ఇంజిన్ ఆయిల్ గురించి అది నిజం. ఆ ఒక్క నిజం చాటున బ్రేక్ ఆయిల్ మరుగున పడిపోయింది. ఈ విషయంలో నాకు బాధ కంటే కోపం ఎక్కువ. కొనేవాడికి తెలియకపోవచ్చు, అమ్మేవాడికి తెలుసు.

పట్టు, వదులు

పాతకాలపు పద్ధతైతే లైనర్లను పెట్రోలుతో కడిగి, గీకుడు కాగితంతో రుద్ది, ఎండబెట్టి మళ్లీ వేసేవాళ్లు. పెద్దాయన కుర్రోడు అదే చేయబోతే ఆయనే వద్దన్నాడు. ఆయిల్ తాగిన లైనరు పైకి ఎండినట్టు కనిపించినా, కాగినప్పుడు లోపలిది పైకి ఊరుతుంది. కుడి చక్రం ఒక తీరుగా, ఎడమ చక్రం ఇంకో తీరుగా పట్టి, గట్టిగా బ్రేకు వేసిన రోజు బండి అడ్డం తిరుగుతుంది. సిలిండరు గుంటలను రుద్ది నునుపు చేసి కొత్త కప్పులు వేయడం ఒకప్పుడు నడిచింది, ఇప్పుడు అక్కర్లేదు. ఎడమ చక్రం విప్పి చూస్తే అక్కడి బూటు కింద కూడా చెమ్మ మొదలైంది. రెండువైపులా కొత్త సిలిండర్లు, రెండు జతల షూలు అని తేల్చాడు. సామాను రావడానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజులూ కారు షెడ్డులోనే, చక్రాలు లేకుండా దిమ్మెల మీద ఉంది. అమ్మ మందులకు బస్సులో పోయాం.

ఇంకొక జాగ్రత్త ఆయన దగ్గరే నేర్చుకున్నాను. ఈ పనిలో పెట్రోలు, డీజిలు, మామూలు గ్రీజు రబ్బరుకు తగలకూడదు. తగిలితే రబ్బరు ఉబ్బి పట్టేస్తుంది. 'బ్రేక్ ఆయిల్' అన్న పేరు చూసి డబ్బాలో ఇంజిన్ ఆయిలో పవర్ స్టీరింగ్ ఆయిలో పోసినవాళ్లున్నారు. అప్పుడు మాస్టర్ సిలిండరు మొదలుకుని చక్రం దాకా ఉన్న రబ్బరంతా మార్చాల్సిందే. సీసా మీద డాట్ అన్న మాట, మాన్యువల్‌లో చెప్పిన అంకె చూసి, సీలు తీయని సీసా మాత్రమే వాడాలి. మూత తీసి ఏడాది కిందట అల్మారాలో పెట్టిన సగం సీసా ఎంత పొదుపుగా కనిపించినా పనికిరాదు.

కొత్త సిలిండర్లు, షూలు బిగించాక, పైపుల్లో చేరిన గాలి తీయడం మధ్యాహ్నం మూడింటికి మొదలైంది. దీనికి ఇద్దరు కావాలి. నేను పెడల్ దగ్గర, ఆయన చక్రం దగ్గర. నిప్పిల్‌కు సన్నటి పారదర్శకపు గొట్టం తొడిగి, రెండో కొసను సీసాలో ఆయిల్ మట్టం కిందికి ముంచాడు.

"తొక్కు... తొక్కు... తొక్కు. పట్టు!"

పట్టుకున్నాను. పానాతో నిప్పిల్‌ను పావు వంతు తిప్పాడు. నా కాలు నేలదాకా దిగిపోయింది. గొట్టంలో నల్లటి ద్రవం, దానిలో బుడగలు. "వదలొద్దు" అని అరిచి, నిప్పిల్ బిగించాక "ఇప్పుడొదులు" అన్నాడు. బిగించకముందే కాలు తీస్తే గాలి వెనక్కి లోపలికి పోతుంది. ఇట్లా ఎన్నిసార్లో. మధ్యలో కుర్రోడి పని డబ్బా ఖాళీ కాకుండా చూడటం. డబ్బా ఎండిందంటే గాలి ఏబీఎస్ పెట్టెలోకి పోతుంది. అక్కడి గాలి తీయడానికి కంప్యూటరు తగిలించాల్సిందే. మెల్లమెల్లగా గొట్టంలో నలుపు డికాషన్ అయింది, డికాషన్ తేనె అయింది, బుడగలు ఆగాయి. నాలుగు చక్రాలకూ అదే పని. ఎండ వాలేసరికి పెడల్ రాయిలా నిలబడింది.

వాడిన ద్రవాన్ని షెడ్డు వెనక కాలువలో పోయబోతే నేను ఆపి క్యానులో పట్టించాను. ఆ కాలువ పోయేది చెరువుకే.

ఇక్కడ ఒక సంగతి తెగేసి చెప్పాలి. మా కారుది కొంచెం పాత పద్ధతి. కరెంటు పంపు గాలి లాగుతుంది, దానితో మామూలు బూస్టరు పనిచేస్తుంది. అందుకే షెడ్డులో చేయగలిగాం. చాలా కొత్త కార్లలో బ్రేకు బలాన్నిచ్చేది మోటారు, దాన్ని నడిపేది కంప్యూటరు. అలాంటి కొన్ని బండ్లలో డోరు తెరిస్తే చాలు, వ్యవస్థ మేల్కొని బ్రేకుల్లో ఒత్తిడి నింపుతుంది. చక్రం దగ్గర ఎవరి వేలో ఉన్నప్పుడు ఇంకెవరో డోరు తీశారనుకోండి. టొయోటా ప్రియస్ కాలం నుంచీ మెకానిక్‌లకు తెలిసిన ప్రమాదమిది. వాటిని సర్వీసు మోడ్‌లో పెట్టకుండా ముట్టుకోకూడదు, స్కానరు లేకుండా గాలి తీయకూడదు. ఆ బండి ఉన్నవాళ్లు దూరమైనా సరే కంపెనీ దగ్గరికే పోవాలి. అది కూడా నడుపుకుంటూ కాదు, లారీ మీద ఎక్కించుకుని. మోటారుకు తగిలిన చక్రాలు నేల మీద దొర్లుతుండగా తాడు కట్టి లాగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది, అది ఇంకో నష్టం.

లీకు అంటే కారి పోవడమే కాదు, లోపలికి ఊరడం కూడా. 2023 సెప్టెంబరులో హ్యుందాయ్, కియా కంపెనీలు అమెరికాలో దాదాపు 34 లక్షల బండ్లను వెనక్కి పిలిచాయి. ఏబీఎస్ పెట్టె లోపలే బ్రేక్ ఆయిల్ ఊరి, ఎలక్ట్రానిక్ పలక మీద పడి షార్టయ్యి నిప్పంటుకోవచ్చని, బాగుచేసేదాకా బండ్లను ఇంటికి దూరంగా ఆరుబయట నిలపమని యజమానులకు చెప్పాయి. వాటిలో ఎక్కువ పెట్రోలు బండ్లే. అక్కడా డ్రైవరు చూసేది అదే డబ్బా, అదే గీత.

ఒక చోట నొక్కితే ద్రవమంతటా అదే ఒత్తిడి పాకుతుందని పాస్కల్ పదిహేడో శతాబ్దంలోనే చెప్పాడు. దాన్ని మోటారు బండికి తెచ్చినవాడు మాల్కమ్ లాగ్‌హెడ్ అనే అమెరికన్, లాక్‌హీడ్ విమానాల కుటుంబం మనిషి. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ ఆయిల్ బ్రేకులతో వచ్చింది. వందేళ్లు దాటింది. ఇంజిన్ పోయి మోటారు వచ్చింది, పెట్రోలు పోయి బ్యాటరీ వచ్చింది, ఈ సన్నటి ఇనుప పైపూ అందులోని ద్రవమూ మాత్రం అట్లాగే ఉన్నాయి. పెద్దాయన లాంటి వాళ్ల చేతి విద్య కరెంటు కార్లతో చెల్లిపోతుందని చాలామంది అనగా విన్నాను. ఆ రోజు షెడ్డులో నాకలా అనిపించలేదు. వాళ్లకు కావాల్సింది నారింజ తీగ ఎక్కడుందో, జాకీ ఎక్కడ పెట్టాలో, ఏ బండిని ముట్టుకోకూడదో చెప్పేవాళ్లు. ఐటీఐల్లో ఎలక్ట్రిక్ వాహనాల మెకానిక్ ట్రేడు వచ్చింది, మంచిదే. పదో తరగతి చదివిన కుర్రోళ్లకు అది అందుతుంది. నలభై ఏళ్లు పానా పట్టిన చేతికి వారం రోజుల శిక్షణ మైదుకూరు రోడ్డు షెడ్డులోనే ఇవ్వగలిగితే బద్వేలు లాంటి ఊళ్లలో బండ్లూ మనుషులూ భద్రంగా ఉంటారని నా గట్టి నమ్మకం.

ఇప్పుడు ఆదివారం పొద్దున పేపరు చదవకముందే బానెట్ ఎత్తుతాను. డబ్బా మీద మట్టానికి సరిగ్గా టేపు ముక్క అంటించి ఉంది. వారానికోసారి ఖాళీ రోడ్డు చూసుకుని, మోటారు పట్టును తక్కువ మెట్టులో పెట్టి, నాలుగైదుసార్లు కాలితోనే బ్రేకు వేస్తాను. వెనక షూలు కదలాలని, నా కాలికి పెడల్ జ్ఞాపకం ఉండాలని. వెలిగొండలు దిగేటప్పుడు అమ్మ ఇంకా ముందుకు వంగి ఆ దీపం వైపే చూస్తుంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక మళ్లీ తీసుకురమ్మని పెద్దాయన అన్నాడు. పోయిన వారం పోయాను. డ్రమ్ము తీసి, బూటు అంచును స్క్రూడ్రైవరుతో ఎత్తి, కింద అరచేయి పట్టాడు. పొడి దుమ్ము రాలింది.